ఇల్లాలి మాట: లోపల నెందఱు?



జూబిలీహిల్సునందలి యొక నైట్‌క్లబ్బునకు అధికారులు అనుమతి తీసివేసిరని క్రిందటి నెల ఈ పుటలో ఒక్క వాక్యము వ్రాసి యూరకుంటిని. ఆ యొక్క వాక్యమునకు పదునాలుగు జాబులు వచ్చినవి. పదుమూడింటి సారాంశ మొక్కటే: పీడ విరగడయైనది, మిగిలినవికూడ మూతపడిన బాగుండును. పదునాలుగవది గుంటూరినుండి ఒక సోదరి వ్రాసినది. ఆమె కొమార్తె హైదరాబాదున వసతిగృహమున నుండి చదువుకొనుచున్నది. డిసెంబరు 31వ తేదీ రాత్రి స్నేహితురాండ్రతో గూడి అట్టి చోటికే పోవ నిశ్చయించుకొన్నదట. “వద్దన్నచో చెప్పకుండ పోవును. పొమ్మనుటకు నాకు నోరు రాదు. ఏమి చెప్పి పంపుదును?” అని ఆ తల్లి యడిగినది. ఈ నెల పుట యంతయు ఆమెకొఱకే వ్రాయుచున్నాను. తక్కిన పదుమువ్వురును చదివిన సంతోషము.

మేము కాపురముండునది యూసఫ్‌గూడలో. రాత్రివేళ మా మేడమీద నిలిచి చూచిన కొండమీది దీపములు కనబడును. అదియే జూబిలీహిల్సు, దాని కావలిప్రక్క ఫిలింనగరు. మా అత్తగారు కోడలై ఈ యూరికి వచ్చిన కాలమున అచ్చట బండలును తుప్పలును తప్ప వేఱేమియు లేవట. మదరాసునుండి చలనచిత్ర పరిశ్రమ మెల్లమెల్లగా ఇచ్చటికి తరలివచ్చినది. 1976లో బంజారాహిల్సున అన్నపూర్ణా స్టూడియో తెఱచిరి. తరువాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వెలసినవి. నటులు కొండపై మేడలు కట్టుకొనిరి. మేడలవెంట హోటళ్లు, హోటళ్లవెంట పబ్బులు వచ్చినవి. కొండ దిగువనున్న కృష్ణానగరు, యూసఫ్‌గూడలలో మాత్రము ఆ చిత్రములకు దీపములు మోయువారు, దుస్తులు కుట్టువారు, గుంపులో నొకరుగా నిలుచువారు కాపురముందురు. మా క్రింది వాటాలోని యమ్మ యట్టి కుటుంబమునకు చెందినది. భర్త లైట్‌మన్‌గా పనిచేసి కాలముచేసెను. ఒక్కతే కూతురు, బి.కాం. ప్యాసయినది. ఆ పిల్ల రెండేండ్లపాటు పనిచేసినది నేను చెప్పిన నైట్‌క్లబ్బు గుమ్మమువద్దనే.

గుమ్మమువద్ద ఆడపిల్లకు పనియేమని మీరడుగుదురు. నేనును అడిగితిని. వచ్చినవారి మణికట్టునకు కాగితపు పట్టీ కట్టుట యొక పని. రెండవది లెక్క. ఆమె గుప్పిటలో నిముడు నొక చిన్న యంత్రముండును. ఒక మనిషి లోనికి పోగానే మీట నొక్కవలెను. అంకె యొకటి పెరుగును. వెలుపలికి వచ్చువారిని మఱియొక పిల్ల రెండవ యంత్రముతో లెక్కించును. మొదటిదానిలోనుండి రెండవదానిని తీసివేసిన లోపల నెందఱున్నారో తెలియును. మావారి బడిలో మూడవ తరగతి బాలుడు చేయగల లెక్క.

ఆ నైట్‌క్లబ్బు ఒక కట్టడముయొక్క నాలుగవ అంతస్తున నున్నది. పత్రములలో వారికున్న యనుమతి మూడువందలమందికి. సోమ మంగళవారములలో నూఱుగురైనను రారు. అద్దె మాత్రము ఏడు దినములకును ఒక్కటే. లైసెన్సు రుసుమును అంతే. కావున వారమంతటి రాబడియు శుక్ర శనివారముల రాత్రులలోనే పిండుకొనవలెను. అందుకొఱకు వారు పన్ను ఉపాయములలో నొకటి స్త్రీలకు ప్రవేశ ముచితమని చాటుట. ఆడపిల్లలు వచ్చినచోటికి మగపిల్లలు రూపాయలు చెల్లించి వత్తురని వారి లెక్క. ఉచితమను మాట విని సంతోషించు మన పిల్లలకు తామే యెఱ యని తెలియదు.

ఒక శనివారము రాత్రి ఎవరో యువనటుడు రానున్నాడను పుకారు పుట్టినది. పదునొకండు గంటలకే ఈ పిల్ల యంత్రము లెక్క మూడువందలు దాటినది. మేనేజరుతో చెప్పినది. ఆతడు నవ్వి, ఆమె గుప్పిటనుండి ఆ యంత్రమును తీసికొని తన జేబులో వేసికొని, ఇక పట్టీలు మాత్రము కట్టుమనెను. ఆమె నాతో ననిన మాటలు వాడుకభాషలోనే వ్రాయుచున్నాను: “మిషను తీసుకున్నాడు గానీ పిన్నిగారూ, లెక్క ఎట్లా తీసుకుంటాడు? పట్టీలు కట్టకి వందేసి ఉంటాయి. ఆ రాత్రి నేను ఆరు కట్టలు విప్పాను.”

లోపల వెనుకటి మెట్లకు పోవు తలుపొకటి యున్నది. దాని ముందు సీసాల పెట్టెలును విఱిగిన కుర్చీలును పేర్చియుండెను. తలుపునకు గొలుసు. సొమ్ము చెల్లింపక ఆ దారిని జాఱుకొందురని భయము. అర్ధరాత్రి కావచ్చునప్పటికి నాట్యస్థలమువద్ద ఒక పిల్ల స్పృహ తప్పినది. పడుటకు చోటులేక నిలిచియుండియే తప్పినది. ప్రక్కనున్నవారు చాలసేపు చూచుకొననే లేదు. తరువాత తలలమీదుగా చేతులతో మోసి గుమ్మమువఱకు చేర్చిరి. ఈ పిల్లయే ముఖమున నీళ్లు చల్లినది. ఆమె బ్రతికినది, పత్రికలలో నేమియు రాలేదు. లోపలనున్న యొకరెవరో అధికారులకు వ్రాసిరట. పది దినములకు వారు వచ్చి చూచి, గొలుసును చూచి, పెట్టెలను చూచి, అనుమతి తీసివేసి తలుపునకు ముద్రవేసిరి.

మూయుట తప్పని నేననను. ముద్రవేయవలసినదే. కాని ఆ ముద్రతో నలువదియిద్దఱి జీతములు నిలిచినవి. వారిలో గిన్నెలు తోమువారు, తుడుచువారు, వంటవారే యెక్కువ. యంత్రమును జేబులో వేసికొనిన మేనేజరునకు మఱునాడే వేఱొక చోట పని దొరకినది. లెక్క సరిగా చెప్పిన పిల్ల యింట కూర్చున్నది. క్రింది వాటాలో రెండు నెలలనుండి పాలు అరలీటరే తీసికొనుచున్నారు.

ఇక పదుమువ్వురు సోదరీమణుల సంతోషమును గుఱించి ఒకమాట. వారి జాబులలో పానమును గుఱించి యున్నది, దుస్తులను గుఱించి యున్నది, కలికాలమును గుఱించి యున్నది. లోపలనున్న మనుష్యుల సంఖ్యను గుఱించి యొక్కరును వ్రాయలేదు. నేనును పానమును మెచ్చుదానను గాను. అయినను ఆ పత్రము రద్దయినది పానమువలన గాదు, లెక్క తప్పినందువలన. పూర్వులు ఈ భేద మెఱుగనివారు కారు. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుడను అధికారి యున్నాడు. పానశాలలు ఒకదానికొకటి మిక్కిలి చేరువగా నుండరాదనియు, ప్రతి శాలకును పెక్కు గదులుండవలెననియు, ఆసనములు వేఱువేఱుగా నుండవలెననియు అందు విధించినారు. త్రాగువారిని మెచ్చి చేసిన యేర్పాటు కాదది. వారును మనుష్యులేయని చేసినది.

మన నగరపు ఫిర్యాదులును మన జాబులవంటివే. 2022 ఏప్రిలులో బంజారాహిల్సున నొక పెద్ద హోటలునందలి పబ్బుపై పోలీసులు రాత్రివేళ దాడిచేసి మాదకద్రవ్యములు పట్టుకొనగా, ఎక్సైజు శాఖవారు లైసెన్సు రద్దుచేసిరి. ఆ సంవత్సరమే సెప్టెంబరులో, జూబిలీహిల్సు నివాసులు పెట్టుకొన్న మొఱపై, రాత్రి పది గంటల పిమ్మట పబ్బులలో సంగీతధ్వని కూడదని తెలంగాణ హైకోర్టు ఆదేశించినది. ఆ యుత్తరువు పరిధి తరువాత కొంత కుదింపబడినది. మత్తుమందు, ధ్వని, వీధిలో కారులు నిలుపుట, ఇవియే మనకు వినబడునవి, కనబడునవి. గోడలకు లోపల జనము క్రిక్కిఱిసిన వీధికి వినబడదు గదా.

అనుమతియన్నది ఒక్క కాగితమును గాదు. మద్యమునకు ఎక్సైజు శాఖవారి లైసెన్సు, వ్యాపారమునకు నగరపాలక సంస్థవారిది, నిప్పు భయమునకు అగ్నిమాపక శాఖవారి పత్రము, శాంతిభద్రతలకు పోలీసువారు. సంవత్సరాంతమున పోలీసువారు, స్థలము పట్టునంతకు మించి పాసులును టిక్కెట్లును అమ్మరాదని ప్రకటనయు చేయుదురు. మంచిదే. కాని రెండేండ్లలో ఒక్క రాత్రియైనను ఏ యధికారియు వచ్చి లోపలి తలలు లెక్కించుట తాను చూడలేదని మా క్రిందివాటా పిల్ల చెప్పుచున్నది. లెక్కించు భారమంతయు నెలజీతగత్తె యగు నొక పిల్ల గుప్పిటలో పెట్టి, ఆ గుప్పిట విప్పించుటకు మేనేజరునకు వీలు కల్పించినాము.

ఇరుకైన మాత్రమున ప్రాణమెట్లు పోవునని కొందఱు సందేహింతురు. బియ్యమును కుంచముతో తలగొట్టి కొలువవచ్చును, గోపురముగా పోసియు కొలువవచ్చును. మనుష్యులను గోపురముగా పోయరాదు. మీటరు పొడవు, మీటరు వెడల్పు గల ముగ్గొకటి వేసి చూడుడు. అందు నలుగురు నిలిచినను ఎట్లో కదలగలరు. ఐదుగురు దాటిన కష్టము. ఆఱుగురు, ఏడుగురు అయినచో ఎవరి కాళ్లపై వారు నిలుచుటన్నది పోయి, గుంపంతయు నీటివలె ఒక్కటిగా ఊగును. వెనుకనున్నవాడు కొంచెము త్రోయగా ఆ త్రోపు పదిమందిని దాటి ముందున్న గోడవద్ద పర్వతమై పడును. త్రొక్కుడుపడి చచ్చిరని మనమందుము గాని, అట్టిచోట పలువురు నిలిచియుండియే, ఱొమ్ము పొంగుటకు చోటులేక, ఊపిరాడక మరణింతురు. నాట్యస్థలమున స్పృహతప్పిన పిల్ల ఆ మార్గమున సగము దూరము పోయివచ్చినదే.

దానికి నిప్పో భయమో తోడైనప్పుడు ఏమగునో లోకము పలుమాఱులు చూచినది. 1942 నవంబరు 28వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున కోకోనట్ గ్రోవ్ అను నైట్‌క్లబ్బులో అగ్ని పుట్టి 492 మంది మరణించిరి. అనుమతి 460 మందికి; ఉన్నవారు ఇంచుమించు వేయిమంది. ముందున్నది గిఱ్ఱున తిరుగు తలుపు. అది శరీరములతో బిగుసుకొనిపోయినది. తక్కిన తలుపులలో కొన్ని తాళము వేసియుండెను. 2003 ఫిబ్రవరిలో చికాగోలో ఈ-2 అను క్లబ్బున జగడము నాపుటకు మిరియపు ద్రావకము చల్లగా, జనము భయపడి మెట్లమీద పడి 21 మంది చనిపోయిరి. ఆ పై యంతస్తును వాడరాదని న్యాయస్థానము అంతకుముందే ఆజ్ఞాపించియుండెను. 2025 డిసెంబరు 6వ తేదీ అర్ధరాత్రి గోవాలోని అర్‌పోరా గ్రామమున ఒక నైట్‌క్లబ్బు కాలి 25 మంది ప్రాణములు గోల్పోయిరి. వారిలో నాట్యమునకు వచ్చిన వారికన్న క్లబ్బునందు పనిచేయువారే యెక్కువ. మూతపడినందుకు సంతసించిన సోదరీమణులు ఈ యొక్క సంగతి మఱొకమాఱు చదువవలెను.

సినిమాహాలుల మాట వేఱని యనుకొనరాదు. ఢిల్లీలో ఉపహార్ అను హాలున 1997 జూన్ 13వ తేదీన పొగచే ఊపిరాడక 59 మంది చనిపోయిరి. బాల్కనీలో అదనముగా కుర్చీలు వేయుటచే ఒక ప్రక్క దారి మూసికొనిపోయియుండెను. నాలుగు టిక్కెట్లు ఎక్కువ అమ్ముకొనుటకు వేసిన కుర్చీలు! బిడ్డలనిద్దఱిని అచ్చట పోగొట్టుకొన్న నీలం కృష్ణమూర్తి యను తల్లి, భర్తతో గలిసి బాధితుల సంఘమును స్థాపించి, ఇరువది యేండ్లకు పైగా న్యాయస్థానముల మెట్లెక్కినది.

ఇది చదువుచుండగా నాకు భారతమునందలి లక్కయిల్లు జ్ఞప్తికి వచ్చుచుండును. విదురుడు పంపిన ఖనకుడు రహస్యముగా సొరంగము త్రవ్వెను. అనగా ఆ యింటికి రెండవ దారి నేర్పఱచెను. ఆ రాత్రి కుంతి యన్నసంతర్పణ చేసినది. ఒక నిషాదస్త్రీ తన యైదుగురు కొడుకులతో విందునకు వచ్చి, తిని, త్రాగి, మత్తిల్లి అచ్చటనే నిద్రించినది. భీముడు నిప్పుపెట్టెను. దారి యెఱిగినవారు వెలుపలికి పోయిరి. విందునకు వచ్చినవారు కాలిపోయిరి. వారి యాఱు శరీరములను చూచియే లోకము పాండవులు చనిపోయిరని నమ్మినది. చిన్ననాట మా తండ్రిగారు ఆదిపర్వము చదివించునప్పుడు నేను పాండవులు తప్పించుకొన్నందుకు చప్పట్లు కొట్టితిని. ఆ తల్లి పేరేమని అడుగవలెనని అప్పుడు తోచలేదు. ఇప్పుడు వెదకినను గ్రంథమున పేరు లేదు.

నైట్‌క్లబ్బనగానే మనము కన్నులు మూసికొందుము గాని, గుంపునకు పుణ్యస్థలమనియు పాపస్థలమనియు భేదము లేదు. 2025 నవంబరు 1వ తేదీన, కార్తిక ఏకాదశినాడు, శ్రీకాకుళము జిల్లా కాశీబుగ్గలోని వేంకటేశ్వరాలయమున త్రొక్కిసలాట జరిగి తొమ్మండుగురు మరణించిరి. అందు స్త్రీలే యెక్కువ. దీపము వెలిగించుకొనుటకు పోయినవారు. ఆ దినమున నేను ఏడ్చితిని. ఏడ్చుటకు నాకు వేఱొక కారణమును గలదు. దాచక వ్రాసెదను. మూడేండ్ల క్రిందట మా వీధివారమంతయు చేరి ఒక హాలులో హరికథ చెప్పించితిమి. అనుకొన్నదానికి రెట్టింపు జనము వచ్చిరి. పులిహోర చాలదను భయమున వెనుక గేటునకు తాళము వేయించినదానను నేనే. తాళపుచెవి కొంగున ముడివేసికొని, ముందువరుసలో కూర్చుండి, రుక్మిణీకల్యాణము విని ఆనందించితిని. ఏమియు జరుగలేదు. ఆ మేనేజరు గొలుసు సంగతి విన్న రాత్రి మాత్రము నాకు నిద్ర పట్టలేదు.

కొండమీద తయారయిన చిత్రములు ఆర్టీసీ క్రాస్‌రోడ్సుకు దిగివచ్చినప్పటి కథ మీ కందఱకు తెలిసినదే. 2024 డిసెంబరు 4వ తేదీ రాత్రి సంధ్యా థియేటరున ‘పుష్ప 2’ ముందస్తు ప్రదర్శనము. కథానాయకుడు అల్లు అర్జున్ అచ్చటికి వచ్చిన సమయమున త్రొక్కిసలాట జరిగి ఒక తల్లి ప్రాణము విడిచినది; ఆమె చిన్న కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో నుండెను. లైసెన్సు ఏల రద్దుచేయరాదో చెప్పుమని పోలీసువారు థియేటరువారికి నోటీసు నిచ్చిరి. నేరమెవరిదో తేల్చుట న్యాయస్థానముల పని, నేను వ్రాయదగదు. ఆ నెలలోనే ఇకపై బెనిఫిటు ప్రదర్శనముల కనుమతి యుండదని శాసనసభలో ప్రకటన వెలువడినది. మఱునెల సంక్రాంతికి మఱియొక చిత్రమునకు తెల్లవాఱుజామున ప్రదర్శనమున కనుమతించి, వెంటనే యుపసంహరించుకొనిరి. ఇచ్చుటయు తీసికొనుటయు కాగితముపై ఒక్క నిమిషపు పని. తల్లి పోయిన యింట ఆ కాగితములను ఏమి చేసికొందురు?

గుంటూరు సోదరీ, ఇక మీ ప్రశ్న. పొమ్మనియు వద్దనియు నేను చెప్పజాలను. ఆ పిల్లకు తల్లి మీరు. ఆమె పోవుట నిశ్చయమైనచో, దుస్తులను గుఱించిన ఉపన్యాసము మాని, ఈ మాట చెప్పుడు. లోనికి పోగానే పాట విననక్కఱలేదు. ముందు రెండవ తలుపెచ్చట నున్నదో చూడవలెను. చూచుట చాలదు, చేతితో త్రోసి తెఱచుకొనునో లేదో తెలిసికొనవలెను. అడ్డముగా పెట్టెలున్నను, గొలుసున్నను, అప్పుడే తిరిగి రావలెను. ఇచ్చిన రూపాయలు పోయినను సరే. చేతులెత్తి జడ సవరించుకొనుటకు చోటు చాలనప్పుడు అచ్చట నిలువరాదు. ఒకవేళ గుంపులో చిక్కినచో, చేతులు మడచి ఱొమ్మునకు ముందు అడ్డముగా పెట్టుకొని ఊపిరికి చోటు చేసికొనవలెను. గుంపునకు ఎదురు పోక, దానితో కదలుచు ఏటవాలుగా అంచునకు చేరవలెను. చెప్పు జాఱినను, ఫోను పడినను వంగరాదు. ఇవి చెప్పునప్పుడు మీ కంఠమున కోపము లేకున్న ఆమె వినును. మా క్రిందివాటా పిల్ల చేత చదివించి, ఆమె సరియన్న పిమ్మటనే వ్రాసితిని.

ఆ పిల్లకు నిన్న వేఱొక నైట్‌క్లబ్బునుండి పిలుపు వచ్చినది. జీతము మునుపటికంటె రెండువేలెక్కువ. పని మరల గుమ్మమువద్దనే. చేరవలసినది డిసెంబరు 31వ తేదీననే. తల్లి కన్నీళ్లు పెట్టుకొని నన్ను సలహా యడిగినది. బియ్యపు డబ్బా చూపి మఱి యడిగినది. నేనేమందును? పిల్లయే నిదానముగా నన్నది: “రేపు పగలు నాలుగింటికి పోయి ముందు వెనకతలుపు చూసొస్తాను. మీరూ రండి పిన్నిగారూ, ఇద్దరం చూస్తే మంచిది.” నైట్‌క్లబ్బు చూడబోవు బడిపంతులు భార్యను చూచి మావారు నవ్వుచున్నారు. నేను పోవుచున్నాను. చూచినది వచ్చు నెల వ్రాసెదను.